పన్నెండో మొన

"మధ్యాహ్నం పన్నెండుకి బ్రస్సెల్స్ గుర్రపు బండి. అందులో ఒకావిడ ఉంటుంది," అన్నాడు కల్నల్ దెల్మా. "పేరు లియోనీ. టోపీల వ్యాపారం అని చెప్తుంది. మన రహస్య జాబితా కాపీ ఆవిడ దగ్గరుంది."

పారిస్‌లోని ఆ రహస్య విభాగం ఆఫీసులో ఏజెంట్ యోస్ట్ కుర్చీలోంచి లేచాడు. 1815 జూన్. చక్రవర్తి ప్రవాసం నుంచి పారిస్‌కు తిరిగొచ్చాడు గానీ హాలెండ్ చేజారిపోయింది. అక్కడి కొత్త రాజు కళ్లుగప్పి పారిస్‌కు కబుర్లు పంపుతున్న ఇరవై ఎనిమిది మంది పేర్లు ఆ జాబితాలో ఉన్నాయి. అందరూ నీలం రిబ్బను వాళ్లే. మూడో పేరు యోస్ట్ అన్న పీటర్‌ది. దొరికితే ఉరే.

ఆ రిబ్బను సంగతి చెప్పాలి. హాలెండ్‌ను సామ్రాజ్యంలో కలిపేసుకున్నాక, 1811లో, చక్రవర్తి అక్కడివాళ్ల పాత పతకాలు వెనక్కి తీసుకుని నీలం రిబ్బనుకు వేలాడే రీయూనియన్, అంటే పునఃకలయిక, పతకం పెట్టాడు. పన్నెండు మొనల నక్షత్రం, మీద 'ఎప్పటికీ' అన్న మాట. దేశం లాక్కుని చేతిలో బిళ్ల పెట్టారన్నమాట. అయినా అన్నదమ్ములిద్దరూ మురిసిపోయారు. ఇద్దరికీ తన చేత్తో గుచ్చింది ఈ కల్నలే. ఇంటికెళ్లే దారిలో పీటర్, తమ్ముడిది చూస్తానని లాక్కుని రాళ్లమీద పడేశాడు. ఒక మొన విరిగింది. అన్న గుర్తని యోస్ట్ దాన్నలాగే ఉంచేసుకున్నాడు.

కల్నల్ సొరుగులోంచి ఆ పతకమే తీసిచ్చాడు. మారువేషానికి అడ్డమని మొన్న యోస్ట్ దగ్గర తనే తీసుకుని దాచాడు.

"చొక్కా లోపల పెట్టుకో. ఆవిణ్ణి బ్రస్సెల్స్ దాకా వెంటాడు. అక్కడ మనవాడు 'ఎప్పటికీ' అంటాడు. ఇది ఒక్క నిమిషం అతని చేతికివ్వు. నువ్వేనని నమ్ముతాడు."

పన్నెండో మొన నిగనిగలాడుతోంది.

"బాగు చేయించారా సార్?"

"విరిగిన పతకం చూస్తే నాకు ముద్ద దిగదయ్యా."

యోస్ట్ కళ్లు చెమర్చాయి. తండ్రి లేనివాడికి ఆ మాటే చాలు.

బండిలో లియోనీ ఒక్కతే, ముందే ఎక్కి కూర్చుంది. ఆకుపచ్చ సిల్కు గౌను, మేలిముసుగు వెనక నవ్వు. బట్టల వర్తకుడి వేషంలో యోస్ట్ ఎదురుగా కూర్చోగానే అంది:

"మీ మీసం ఓ పక్క ఊడింది, సర్దుకోండి. తర్వాత నా పెట్టె వెతుక్కోండి. టోపీలు తప్ప ఏమీ లేవు."

వెతికాడు. నిజంగానే ఏమీ లేవు.

"మరి ఎందుకెళ్తున్నారు?"

"మీరు నా వెంట రావాలని. కల్నల్ నాకు పెట్టిన పని అదొక్కటే. బ్రస్సెల్స్‌లో హాలెండ్ రాజు మనుషులూ నన్ను తమ మనిషే అనుకుంటారు లెండి." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఏప్రిల్‌లో కల్నల్ మా ఆయన పతకానికి మెరుగు పెట్టించి ఇచ్చాడు. బ్రస్సెల్స్‌లో చూపించి రమ్మన్నాడు. పతకం చేరింది, మనిషి తిరిగి రాలేదు. మీదీ బాగు చేయించాడా?"

యోస్ట్ చిన్న కత్తితో పతకం నడిమి బిళ్ల లేపాడు. లోపల ఉల్లిపొర కాగితం. ఇరవై ఎనిమిది పేర్లు, కల్నల్ చేతిరాత. మూడోది పీటర్.

తమ ఆఫీసు పాస్‌పోర్టు ఉన్నవాణ్ణి సరిహద్దులో ఎవరూ తడమరు. అందుకే, జాబితా హాలెండ్ రాజుకు అమ్ముకుంటున్న కల్నల్ తనను ఎంచుకున్నాడు. అన్న మెడకు ఉరితాడు తమ్ముడి గుండెకే తగిలించి పంపాడు, ద్రోహి. యోస్ట్‌కు మొదట కోపం రాలేదు, ఏడుపొచ్చింది. నాలుగేళ్లు ఆ మనిషిని దేవుడనుకున్నాడు మరి.

బాకా ఊదారు. బండి కదిలింది.

యోస్ట్ కాగితం నోట్లో కుక్కుకుని నమిలి మింగాడు. టోపీ చుట్టిన పల్చటి కాగితం ముక్క చింపి, పెన్సిల్‌తో ఒకే ఒక్క పేరు రాసి, బిళ్ల కింద పెట్టి మూశాడు.

"ఇది వాళ్లకిస్తారా?"

"మా ఆయన కోసం ఇస్తాను."

పతకం ఆమె ఒళ్లో పెట్టి, ఊరి గేటు దాటుతున్న బండిలోంచి దూకేశాడు.

ఆ నెలలోనే యుద్ధం పోయింది, చక్రవర్తీ పోయాడు. జూలైలో కల్నల్ కొత్త కోటు తొడుక్కుని, పారిస్‌కు తిరిగొచ్చిన పాత రాజుగారి కొలువులో పదవి అడగడానికి వెళ్లాడు.

"చక్రవర్తి రహస్య మనుషుల జాబితా బ్రస్సెల్స్ నుంచి వచ్చింది," అన్నాడు అక్కడి అధికారి, బంట్రోతులకు సైగ చేస్తూ. "ఉన్నది ఒక్క పేరే. మీదే."

ఆ నెలాఖరుకి రాజుగారు ఆ పతకాన్నే రద్దు చేశారు. 'ఎప్పటికీ' అన్నది నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పీటర్ ఉత్తరం రాశాడు: "తమ్ముడూ, ఆ రోజు నీ పతకం విరగ్గొట్టినందుకు ఇప్పటికీ బాధగా ఉందిరా."

యోస్ట్ ఒక్క ముక్కే జవాబు రాశాడు: "పర్లేదన్నా, కల్నల్ గారు బాగు చేయించారు."