కత్తిరింపు బల్ల మీద మూడు పులులు

పొద్దున్న ఏడున్నరకి గుడ్డల తాను భుజాన వేసుకుని కోడలు హాల్లోకి వచ్చేసరికి బల్ల మీద పులులు అలాగే ఉన్నాయి.

మూడు పులులు. అంటే మూడు నల్ల కోటు గుండీలు. వాటి చుట్టూ మేకలు, అంటే తెల్ల చొక్కా గుండీలు. వాటి కింద ఆమె కత్తిరింపు బల్ల మీదే, ఆమె సుద్దముక్కతోనే గీసిన పెద్ద ముక్కోణం, దాన్ని అడ్డంగా కోస్తూ గీతలు. తొమ్మిది రోజుల నుంచి ఇదే! శనివారానికి బడిపిల్లల చొక్కాలు అరవై ఇవ్వాలి, కుట్టాల్సిన మనిషేమో నేల మీద గుడ్డ పరిచి మోకాళ్ల మీద పాకుతూ కత్తిరిస్తోంది.

"మామయ్యా, ఇవాళైనా తేలుతుందా?"

"ఉండమ్మా, పులి ఆలోచిస్తోంది."

"తొమ్మిది రోజులుగా ఆలోచిస్తూనే ఉంది. ఈపాటికి అడవి కూడా ఎండిపోయుంటుంది."

"ఆయన్ని తొందరపెట్టకే," అంది అత్తగారు. "ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. ఏదైనా నిదానంగానే చేరుస్తారు."

కోడలు మొగుడి వైపు తిరిగింది. "మీరైనా చెప్పండి!"

లిఫ్టులు బాగుచేసే ఆ మహానుభావుడు అప్పటికే పనిముట్ల సంచీ తగిలించుకుని గుమ్మం దగ్గరున్నాడు. "ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారట, వెళ్లాలి."

"రోజూ సరిగ్గా ఈ టైముకే ఇరుక్కుంటారేం?"

సమాధానం మెట్ల మీద చెప్పుల చప్పుడుగా వినబడింది.

చెప్పుల స్టాండు పక్కన ఇంకో సంచీ ఉంది. అది అత్తగారిది. ఆడపడుచుకి కవలలు పుట్టారు. ఏడాది పాటు అమ్మని పంపమని అడిగింది. అక్కడ రెండే గదులు, నాన్నకి చోటు లేదు, కాబట్టి ఆయన ఇక్కడే. అందరూ సరేనన్నారు, సంచీ సర్దారు, టికెట్ కూడా తీశారు. తీరా బయల్దేరే పూట ఇద్దరూ గుండీల డబ్బా తెరిచి కూర్చున్నారు. "ఆట మధ్యలో లేవను, ఇదయ్యాక వస్తా," అంది అత్తగారు. గంటలో అయిపోతుందిలే అనుకున్నారందరూ. టికెట్ చెల్లకుండా పోయింది కానీ ఆట అవలేదు.

చూసి చూసి కోడలికి కూడా ఈ పులి-మేక ఆట వచ్చేసింది. పక్కనున్న మేక వెనకాల ఖాళీ ఉంటే పులి దాని మీంచి దూకి తినేయొచ్చు. మేకలు తినలేవు. అవి చేయగలిగిందల్లా పులి కదలకుండా దారులన్నీ మూసేయడమే. మూడు పులులూ కట్టుబడితే మేకలు గెలిచినట్టు. ఇప్పటికే రెండు పులులు కట్టుబడ్డాయి. మూడోదానికి మిగిలింది ఒకటే ఖాళీ.

అందుకే ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఇందాక పులి ముందు మేక నోరూరించేలా నిలబడితే మామగారు తినకుండా వెనక్కి జరిపారు. అత్తగారు ఆ ఒక్క ఖాళీలోకి మేకని తోస్తే చాలు, ఆట ముగిసేది. ఆవిడ మాత్రం మూలనున్న ఇంకో మేకని ముద్దుగా పక్కకి జరిపి, "ఆ, మీ వంతు," అంది.

అప్పుడే ఫోను మోగింది. "వదినా, నాలుగు రోజులుగా తల దువ్వుకోలేదు. ఒకడు పడుకుంటే ఇంకొకడు లేస్తాడు. అమ్మ అసలొస్తుందా, రాదా?" అవతల ఆడపడుచు. వెనకాల రెండు గొంతులు ఆగకుండా ఏడుస్తున్నాయి.

"ఒక్క నిమిషం," అని కోడలు ఫోను బల్ల మీద పెట్టింది. తెల్ల గుండీ మీద వేలుపెట్టి సర్రున ఆ ఖాళీలోకి తోసేసింది.

"ఇదిగో! కట్టేశా! అయిపోయింది! ఇంత చిన్న ఎత్తు ఇద్దరికీ కనబడలేదా? నా మోకాళ్లు అరిగిపోతున్నాయి, అక్కడ మీ అమ్మాయి చచ్చిపోతోంది, మీకేమో ఆటలు!"

అత్తగారు లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది, సంచీ దగ్గరికి నడిచింది. మామగారు గుండీలు ఒక్కొక్కటే డబ్బాలో వేయడం మొదలుపెట్టారు.

"బాగా ఆడావమ్మా," అన్నారు తలెత్తకుండా. "నాలుగు రోజులుగా కనబడుతూనే ఉంది ఆ ఎత్తు."

"కనబడితే మరి అత్తయ్య ఎందుకు వేయలేదు?"

"నేనెందుకు తినలేదో, అందుకే."

కోడలి భుజం మీంచి గుడ్డ తాను జారింది. తొమ్మిది రోజులు! తినాల్సిన పులి తినలేదు, కట్టాల్సిన మేక కట్టలేదు. ఏడాది దూరాన్ని ఇద్దరూ గుండీలతో నెట్టుకొస్తుంటే, తను ఒక్క వేలితో... ఛీ. అయినా నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పొచ్చుగా ఈ మనుషులు!

"ఆగండి మామయ్యా! గుండీలు తీయకండి!" కళ్లు తుడుచుకుంటూనే అరిచింది. "అత్తయ్యా, సంచీ కింద పెట్టండి. ఇందాక వంతు పులిది. మధ్యలో మేకని కదిపింది నేను. అది తొండి. చెల్లదు." తోసిన గుండీని వెనక్కి లాగి, డబ్బాలోవి మళ్లీ వాటి చోట్లలో పెట్టింది. తొమ్మిది రోజులు చూసిన బల్ల, ఒక్కటీ తప్పలేదు.

ఫోను చెవికి ఆనించింది. "విన్నావుగా? అమ్మ రాదు. నువ్వే రా, పిల్లలిద్దర్నీ తీసుకుని. ఒకడు అమ్మ ఒళ్లో, ఒకడు నాన్న ఒళ్లో. నువ్వు తల దువ్వుకో."

"మీ కుట్టుపని మధ్యలో ఎలా వదినా?"

"నాకెలాగూ బల్ల లేదుగా. రా."

ఫోను పెట్టేశాక మిగులు గుడ్డల్లోంచి మందపాటి ఖాకీ ముక్క తీసి, మిషను మీద ఎర్రదారంతో ముక్కోణం, గీతలూ కుట్టింది. దాన్ని నేల మీద పరిచి, గుండీలన్నీ ఉన్నవి ఉన్నట్టు దాని మీదికి మార్చింది. "ఇక నా బల్ల నాకు. ఇది మీ అడవి."

తడిగుడ్డతో బల్ల మీది సుద్ద తుడుస్తుంటే వెనకాల మామగారి నవ్వు వినబడింది, వెంటనే అత్తగారి కేక.

"అయ్యో! నా మేక!"

తొమ్మిది రోజులు పస్తులున్న పులి రెండో ఎత్తుకే తినేసింది.

"ఇప్పుడెలా కనబడిందండీ మేక? కోడలా, చూడవే, ఈయన తొండి!"

"నన్ను పిలవకండి!" అంది కోడలు కత్తెర అందుకుంటూ. "నాకు అరవై చొక్కాలున్నాయి."

అని, చూడ్డానికి వెళ్లింది.