మూడో పూట పాలు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఎమ్మిగనూరు దగ్గరి ఒక పల్లెకు గ్రామసేవకుడుగా వచ్చిన ప్రభుదాసుకు తెలియని సంగతంటూ లేదు. శిక్షణ అయింది, సైకిలుంది, సర్కారు అచ్చు వేసిన చిన్న పుస్తకముంది. ఇక ఆవులను అడగాల్సిన పనేముంది?

వచ్చిన వారానికే, ఒక ఆవున్న యేసేపు ఇంటి ముందు నిలబడి, ఆవును రోజుకు రెండు పూటలే పిండడం పాత పద్ధతి అని సెలవిచ్చాడు. పొదుగు నిండితే పాలు ఊరడం మందగిస్తుందట, మధ్యాహ్నం కూడా పిండేస్తే మళ్ళీ ఊరుతాయట. యేసేపు సరేనన్నాడు. పేడ ఎత్తుతున్న ఆయన కూతురు సువార్తమ్మ తలెత్తింది.

“మిమ్మల్ని గూడా మూడు పూట్ల పిండితే పని ఎక్కువ సేస్తారా సారూ?”

ప్రభుదాసు చెవులు ఎర్రబడ్డాయి. ఆమె నవ్వు ఆపుకునే ప్రయత్నం కూడా చేయలేదు. పక్షం రోజుల్లో ఆదోని నుంచి ఆఫీసరు వచ్చి పాలు కొలుస్తారని, పెరిగితే తన ఉద్యోగం ఇక్కడే ఖాయమని, లేకుంటే ఆలూరు అవతలికి పంపిస్తారని అతను యేసేపుతో చెప్పాడు. చూపులు మాత్రం ఆమె వైపే ఉన్నాయి.

అప్పటిదాకా ఆవు రోజుకు రెండు సేర్లు ఇచ్చేది. ప్రభుదాసు ప్రతి మధ్యాహ్నం వచ్చి, పిండిన అరసేరును అదనమని రాసుకుని మురిసిపోయాడు. మిగతా రెండు పూటల సంగతి అడగమని పుస్తకంలో లేదు కాబట్టి అడగలేదు. అయిదో రోజు సువార్తమ్మే చెప్పింది, మొత్తం కలిపితే ఒకటీ ముప్పావు సేరేనని.

“పొద్దున్నే మందతో గుట్టకు పోతాది. మీ మూడో పూట కోసం ఎండలో ఇంటికి తోలుకొస్తాండా, మళ్ళా తోలుకపోతాండా. మధ్యాన్నం ఆవు యాడ ఉంటాదో ఒక్కసారన్నా అడిగినారా?”

అడగలేదు. ఆ రోజు ఆమె ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా అతను వెళ్ళిపోయాడు. ఆ ముఖం చూసి సువార్తమ్మకు జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మర్నాటి నుంచి ఆవు ఇంటి దగ్గరే ఉంది. పాలు రెండున్నర సేర్లకు పెరిగాయి. పుస్తకం గెలిచిందని ప్రభుదాసు మళ్ళీ తలెత్తుకు తిరిగాడు. ఆఫీసరు రావడానికి ముందు రోజు మాత్రం పొద్దున్నే వచ్చాడు. సువార్తమ్మ రోట్లో నానిన పత్తిగింజలు రుబ్బుతోంది. ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే చిన్నాయన పంపినవి. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

ఎప్పటి నుంచి పెడుతున్నావు, ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“ఆవు ఇంటికాడ ఉన్నప్పటి నుంచే. సెప్తే మీ పుస్తకం ఓడిపోతాది గదా.” తర్వాత రోటి వైపు చూస్తూ అంది. “మీరు ఆలూరుకు పోతారు గదా.”

మర్నాడు ఆఫీసరు పాలు కొలిచి, భేష్ అన్నాడు. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ప్రభుదాసు పత్తిగింజల సంగతి చెప్పేశాడు, పెరిగిన పాలలో మూడో పూట వాటా ఎంతో తనకు తెలియదన్నాడు. ఆలూరుకు సిద్ధంగా ఉండమని చెప్పి ఆఫీసరు జీపెక్కాడు. నిజం చెప్పిన వాళ్ళను సర్కారు ఇలాగే గౌరవిస్తుంది.

సువార్తమ్మకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎందుకు చెప్పినారని నిలదీసింది.

“నీ బొబ్బల మీద నా పేరు రాసుకోమంటావా?” అన్నాడతను.

సువార్తమ్మ ఆవును ఇంటి దగ్గరే ఉంచి, పత్తిగింజలు ఆపకుండా, మధ్యాహ్నం పిండడం మాత్రం మానేసింది. వారం చూసి, తండ్రిని వెంటబెట్టుకుని ఎమ్మిగనూరులో అతని గదికి వెళ్ళింది. అతను పెట్టె సర్దుకుంటున్నాడు.

“రెండుంబావుకు దిగినాయి. ఆ పావుసేరు మీ మూడో పూటదే సారూ. మిగతాది నాది.”

“రెండూ ఒక్కచోట ఉంటేనే గదా రెండున్నర,” అన్నాడు ప్రభుదాసు. “ఆలూరుకు నాతో వస్తావా సువార్తా?”

“వస్తా. ఆవును గూడా తోలుకొస్తా.”

యేసేపు గొంతు సవరించుకున్నాడు. వచ్చే ఆదివారం పాదిరి గారితో మాట్లాడతానన్నాడు.

“పిల్లనైతే ఇస్తా నాయనా. ఆవును మాత్రం ఇయ్యను.”