బండి నడిపింది ఎవరు?

అద్దె కారు బీమాలో ఒక మెలిక ఉంది. కాగితంలో ఎవరి పేరుంటే వాళ్లే నడపాలి. వేరేవాళ్లు నడుపుతూ గుద్దేస్తే ఆ బండి ఖరీదంతా కట్టుకోవాల్సిందే.

ఆ కాగితంలో ఉన్నది బావ పేరు. నడిపింది మాత్రం బామ్మర్ది. బావకి కునుకు పడుతోందని తనే స్టీరింగు తీసుకున్నాడు పాపం. మనిషి తాడిచెట్టంత పొడుగు. సీటు చివరికంటా వెనక్కి జరిపితే గానీ కాళ్లు పట్టేవి కావు.

ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగింది.

బావకి చిన్న గీత కూడా పడలేదు. బామ్మర్ది స్టీరింగు కింద ఇరుక్కుని మూలుగుతున్నాడు.

"బావా... నన్ను కదపకు... నడుం..."

బావకి అప్పుడు గుర్తొచ్చింది కాగితం. బీమా రాకపోతే ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకోవాలి. అటూ ఇటూ చూశాడు.

"కొంచెం జరుగు," అంటూ చంకల్లో చేతులేసి పక్క సీట్లోకి ఈడ్చాడు. ఎక్కడో పటుక్కుమంది. మూలుగు ఆగిపోయింది. తర్వాత డ్రైవరు సీటుని తన కాళ్ల కొలతకి ముందుకి లాక్కుని మరీ కూర్చున్నాడు. ఎంత జాగ్రత్తపరుడో చూడండి!

"నేనే నడిపాను సార్. వాడు పక్క సీట్లో ఉన్నాడు. అక్కడికక్కడే పోయాడు," అని బీమా సర్వేయరు ముందు భోరుమన్నాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న పెళ్లామే తిరిగి అతన్ని ఓదార్చింది.

వారం తర్వాత, పట్టపగలు, బావ ఇంకో అద్దె కారు తీసుకుని ఒక్కడే బయల్దేరాడు.

టింగ్... టింగ్... టింగ్...

పక్క సీటు బెల్టు పెట్టలేదని ఎర్రదీపం వెలుగుతోంది. ఆ సీట్లో ఎవరూ లేరు. "దిక్కుమాలిన బండి!" అని తిట్టుకుంటూ ఖాళీ సీటుకి బెల్టు బిగించాడు. చప్పుడు ఆగింది.

ఊరు దాటాక పచ్చినెత్తురు వాసన వేసింది. అద్దం దించాడు. వాసన పోలేదు.

అతని సీటు కదిలింది. మెల్లగా... వెనక్కి... చివరికంటా. కాళ్లు బ్రేకుకి అందడం లేదు.

"బావా... కొంచెం జరుగు."

చంకల్లోకి రెండు చల్లని చేతులు దూరాయి. నడుంలో పటుక్కుమంది.

కళ్లు తెరిచేసరికి పక్క సీట్లో ఉన్నాడు. ఇందాక తను బిగించిన బెల్టే గుండెల మీద బిగుసుకుని ఉంది. కాళ్లు లేవడం లేదు. డ్రైవరు సీట్లో ఎవరూ లేరు. స్టీరింగు మాత్రం తిరుగుతోంది. ఎదురుగా ఒక లారీ వెనకభాగం పెద్దదవుతోంది.

ఫోను మోగింది. ఎత్తకుండానే కలిసింది.

"సార్, సర్వేయర్ని. మీ క్లెయిము ఇవాళ మూసేస్తున్నా. రికార్డు కోసం ఒక్కసారి చెప్పండి. బండి నడిపింది ఎవరు?"

బామ్మర్ది పేరు చెప్పాలని బావ నోరు తెరిచాడు. నిజమే చెప్పాలనుకున్నాడు, మొదటిసారి. పెదాలు కదిలాయంతే.

ఖాళీ సీట్లోంచి జవాబు వచ్చింది. అచ్చంగా బావ గొంతే. అదే ఏడుపు.

"నేనే సార్."

"మరి పక్క సీట్లో ఉన్నాయన?"

"అక్కడికక్కడే పోయాడు సార్."