మిర్చి కల్లం బొమ్మ

“ఆయిల్ రంగులు కావాల్నా, అక్రిలిక్ కావాల్నా?” అని దుకాణం జయపాల్ అడగ్గానే, జమున అద్దాల బీరువాలో మెరుస్తున్న పెట్టెను చూపించింది.

“గా పెద్ద పెట్టె ఇయ్యుండ్రి అంకుల్.”

“అవి ఆయిల్ రంగులు బిడ్డా. ఎండాలంటే రోజులు పడ్తది. బ్రష్‌లు కడగనీకి టర్పెంటైన్ కావాలె. అక్రిలిక్ అయితే జల్ది ఎండుతయ్, నీళ్లతోటి కడుక్కోవచ్చు.”

“అయితే అక్రిలికే ఇయ్యుండ్రి” అంది జమున వెంటనే.

జమున కురవి దగ్గరి తండా పిల్ల. ఏడో తరగతి. క్లాసులో అందరికంటే బాగా బొమ్మలు వేస్తుంది. బడిలో కొత్తగా లైబ్రరీ గది తెరుస్తున్నారు. దాని తలుపు మీద పెట్టడానికి ఒక చెక్క బోర్డు మీద, మిరపకాయలు ఎండబోసే కల్లం బొమ్మ వేయాలి. రంగులు కొనడానికి శాంతి టీచర్ జమునను, ఆమె క్లాసు అజయ్‌ను మానుకోట టౌనుకు తీసుకొచ్చింది.

“ఏం కావాల్నో మీరిద్దరు మాట్లాడుకొని చెప్పుండ్రి” అని టీచర్ చార్టుల వైపు వెళ్లింది.

మాట్లాడుకోవడానికి ఏముందో జమునకు అర్థం కాలేదు. ఏం కావాలో తనకు తెలుసు. మిర్చికి ఎరుపు తీసింది. తర్వాత గులాబి, నారింజ, ఊదా, చిలకాకుపచ్చ తీసింది. చివరికి బంగారు రంగు. అది చేతిలోకి తీసుకుంటేనే సంతోషమేసింది.

అజయ్ ఒక పెద్ద ట్యూబు పట్టుకున్నాడు. “తెల్లది తీస్కుందామా?”

“తెల్ల రంగెందుకు? తెల్లగ కావాల్సిన కాడ ఏం ఎయ్యకుంటే అయిపాయె.”

“చెక్క తెల్లగుండది గద…”

జమున అప్పటికే బ్రష్‌ల దగ్గరికి వెళ్లిపోయింది. సన్నటివి ఏరుకుంది. అజయ్ చూపించిన వెడల్పు బ్రష్‌ను చూసి, “అది గోడకు సున్నమేసేది” అని నవ్వింది. అజయ్ దాన్ని మెల్లగా ఉన్నచోటే పెట్టేశాడు.

మరునాడు బోర్డు ముందు పిల్లలంతా చేరారు. జమున ధీమాగా నారింజ రంగుతో ఆకాశం మొదలుపెట్టింది. గోధుమరంగు చెక్క ఆ రంగును పీల్చేసుకుంది. గులాబి వేస్తే పాత ఇటుకలా కనిపించింది. సన్న బ్రష్‌తో ఎంతసేపు వేసినా అరచేయంత ఆకాశం కూడా నిండలేదు.

“ఆకాశం బురదల పడ్డట్టుంది” అన్నాడు వీరేందర్. కొందరు నవ్వారు.

“ఇంకో కోటింగ్ ఏస్తే మంచిగైతది” అంది జమున. వేసింది. మంచిగా కాలేదు. ఆమె చెవులు వేడెక్కాయి.

శాంతి టీచర్ వచ్చి కాసేపు చూసింది. “ఎల్లుండి పొద్దుగాల తగిలియ్యాలె జమునా. ఏం చేద్దామనుకుంటున్నవ్?”

జమున ట్యూబుల వైపు చూసింది. వాటిలో ఏదీ పనికొచ్చేలా లేదు. పక్కన అజయ్ ఒక్కడే బ్రష్‌లు ఎండిపోయి గట్టిపడకుండా కడుగుతున్నాడు. వెళ్లి అతని పక్కన కూర్చుంది.

“అజయ్, నిన్న దుకాణంల తెల్ల రంగన్నవ్. ఎందుకు?”

“పోయిన క్రిస్మస్‌కు మా చర్చిల అట్ట మీద ఆకాశం ఏసినం. ముందుగాల పెద్ద బ్రష్‌తోటి మొత్తం తెల్లగ పూసినం. అది ఎండినంక ఏ రంగేసినా మెరిసింది.”

“మరి గప్పుడే చెప్పొద్దా?”

“చెప్తనే ఉన్న. నువ్వు బ్రష్‌ల కాడికి పోయినవ్.”

అతను కోపంగా అనలేదు. అందుకే జమునకు మరీ కష్టమనిపించింది. “ఇంక ఏమేం తీస్కుంటుంటివి?” అని అడిగింది.

“ఎరుపు ఎట్లాగు ఉంది. పసుపు, నీలం, తెలుపు ఉంటె చాలు. కడమ రంగులు మనమే కలుపుకోవచ్చు.”

ఊదా, చిలకాకుపచ్చ, బంగారు రంగు ట్యూబుల మూతలు ఇంకా తీయలేదు. బడి వదిలాక టీచర్ వాళ్లిద్దరినీ మళ్లీ ఆటోలో దుకాణానికి తీసుకెళ్లింది. జమున బంగారు రంగును ఒకసారి చూసుకుని, మూత తీయని మిగతా రెండు ట్యూబులతో, వాడని సన్న బ్రష్‌లతో కలిపి బల్ల మీద పెట్టింది.

“అంకుల్, నేను సరిగ ఎంచుకోలే. ఇవి మార్చిస్తరా? ఏం కావాల్నో అజయ్ చెప్తడు.”

అజయ్ నెమ్మదిగా ఒక్కొక్కటే చూసి చెబుతున్నాడు. మధ్యలో జమునకు వెండి రంగు కనిపించింది. నోటిదాకా వచ్చిన మాటను ఆపుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

మరునాడు వెడల్పు బ్రష్‌తో తెలుపు పూస్తే ఇంటర్వెల్ అయ్యేలోపే బోర్డంతా నిండింది. అది ఎండాక వేసిన ఆకాశం నిజంగానే మెరిసింది. ఎరుపు, నీలం, కొంచెం తెలుపు కలిపితే కొండలకు ఊదా వచ్చింది. పసుపు, నీలంతో చెట్లకు ఆకుపచ్చ వచ్చింది. జమున పాత స్టీలు పళ్లెంలో రంగులు కలుపుతూ ఆగకుండా నవ్వింది.

మధ్యాహ్నానికి కల్లం ఒక్కటే మిగిలింది. జమున బ్రష్ నిండా ఎరుపు అద్దుకుంది. బోర్డుకు తాకించబోతూ పక్కకు చూసింది. కిటికీ దగ్గర నిలబడ్డ స్రవంతి ఏదో అనబోయి ఆగిపోయింది. స్రవంతి క్లాసులో ఎప్పుడోగానీ మాట్లాడదు.

జమున బ్రష్ దించింది. “ఏందో అనబోయినవ్ స్రవంతి. చెప్పు.”

“ఏం లే.”

“ఫర్వాలేదు, చెప్పు. నేనాగుత.”

స్రవంతి కొంచెంసేపు చున్నీ కొస నలిపింది. “కల్లంల కాయలన్ని ఎర్రగుండయి. తాలు కాయలుంటయ్, పాలిపోయి. మా అమ్మోళ్లు పొద్దంత కూసోని అవి ఏరుతరు. బొమ్మల… మనుషులే లేరు.”

జమున బోర్డును తేరిపార చూసింది. కొండలున్నాయి, చెట్లున్నాయి. మనుషులు ఒక్కరూ లేరు.

ఆమె బ్రష్‌ను నీళ్లలో ముంచి, ఎరుపంతా పోయేదాకా కడిగి, గుడ్డతో తుడిచింది. తర్వాత దాన్ని స్రవంతి చేతిలో పెట్టింది.

“మీ అమ్మ ఏడ కూసుంటదో చూపెట్టు” అంది.