హీలియం అక్కర్లేని మాస్టారు

"ఎప్పుడు ఎదకొచ్చిందండీ?" రిజిస్టరులోంచి తలెత్తకుండానే అడిగింది సాయిదుర్గ. కడియం పశువుల ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు.

"ఎవరండీ?" అన్నాడు మణిశంకర్.

"మీ గేదె!"

"గేదె లేదండీ. నేనొక్కణ్ణే వచ్చాను. కొవ్వూరు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ని."

ఒక ఆడపిల్లకి తనని తాను ఇంత ఘనంగా పరిచయం చేసుకున్న మగాడు రెండు గోదావరి జిల్లాల్లోనూ ఇంకొకడు ఉండడని అతనికి అక్కడికక్కడే అర్థమైపోయింది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. మణిశంకర్ దగ్గర రూపాయంత నల్ల సూపర్‌కండక్టరు బిళ్ల ఒకటుంది. బాగా చల్లబరిస్తే దానిమీద అయస్కాంతం గాల్లో తేలుతుంది. పాతరకం బిళ్లలకి హీలియం కావాలి, అది ఆ చుట్టుపక్కల దొరికేది కాదు. ఈ కొత్తరకానికి ద్రవ నైట్రోజన్ చాలు. అదేమో ఆబోతుల వీర్యం దాచే ఈ ఆసుపత్రి జాడీల్లో ఉంది.

సంగతి విని సాయిదుర్గ పడీపడీ నవ్వింది. చిన్న కేను నింపి ఇచ్చింది.

"మూత బిగించకండి, పేలుద్ది. తేలిందో లేదో వచ్చి చెప్పండి."

తేలింది. ఆరోజే తేలింది. కానీ ఆ మాట చెప్పేస్తే మళ్లీ కడియం వెళ్లడానికి సాకేముంటుంది? వారం తిరిగేసరికి మన మేధావి ఖాళీ కేనుతో, ఏడుపు మొహంతో ప్రత్యక్షమయ్యాడు.

"తేలలేదండీ. బ్రిడ్జి మీద బస్సు ఆగిపోయి మొత్తం ఆవిరైపోయింది."

రెండోవారం, పొగ చూసి కండక్టరు దింపేశాడన్నాడు. మూడోవారం వాన మీదకి నెట్టేశాడు.

నాలుగోవారం సాయిదుర్గే జీపులో పెద్ద జాడీ వేసుకుని, వానలో తడుస్తూ ల్యాబుకి వచ్చేసింది.

"ఇవాళ తేలాల్సిందేనండీ!"

"నెల కిందటే తేలింది మేడమ్," అంది ల్యాబులో ఉన్న ఫైనలియర్ పిల్లల్లోంచి అలేఖ్య ఉత్సాహంగా. "సారు వారం వారం తేలుస్తున్నారు."

ఈమె ఇప్పుడు వెనక్కి తిరిగి వెళ్లిపోతే, ఇక జన్మలో మణిశంకర్ కడియం వైపు చూడలేడు.

"ఎందుకండీ అబద్ధం?" అంది సాయిదుర్గ.

"నిజం చెబితే మళ్లీ రమ్మనరు కదండీ. మీరంటే ఇష్టం. చెబుదామంటే నోరు రావట్లేదు. ఫిజిక్సయితే గంటసేపు చెబుతాను."

సాయిదుర్గ బల్లమీది చిన్న కేను చేతిలోకి తీసుకుంది.

"మా ఆసుపత్రిలో పదిలీటర్ల కేను కూడా ఉందండీ."

"మరి నాకెప్పుడూ ఈ లీటరుదే ఎందుకిచ్చారు?"

"తొందరగా అయిపోతే మళ్లీ వస్తారని."

మణిశంకర్ నోరు తెరిచేశాడు.

"నోరు మూయండి మాస్టారూ," అంది సాయిదుర్గ నవ్వాపుకుంటూ, "పిల్లలు చూస్తున్నారు."