ఇత్తడి గింజ

అబిగయీలు పొయ్యి ఊదుతోంది.

ఫూ... ఫూ...

తడిసిన సరుగుడు కట్టెలు. పొగ తప్ప మంట లేదు. పెరట్లో మసక చీకటి. సముద్రం మీంచి ఉప్పుగాలి. కాగులో నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయి.

గట్టిగా ఊదింది.

స్స్!

పై పెదవికి ఏదో గీసుకుంది. వేలితో తుడుచుకుంది. రక్తం! నాలుక మీద ఇంకో రుచి కూడా... నూనె. మిషన్ ఆయిల్ రుచి.

ఊదుగొట్టానికి నూనె ఎవరు పూస్తారు?

ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. అన్నను సమాధి చేసి వచ్చినప్పటి నుంచి ఏ ఆలోచనా చివరిదాకా నడవడం లేదు. అన్నం బంధువులే తెచ్చిపెడుతున్నారు. ఈ పొయ్యి మళ్లీ వెలగడం ఇవాళే.

మళ్లీ ఊదింది. మంట అందుకుంది. గొట్టం కొసను నిప్పుల్లోనే వదిలేసింది.

వీధిలో జీపు ఆగింది.

టార్చిలైట్లు! బూట్ల చప్పుడు!

"జడ్సన్! తలుపు తియ్!"

ఆమె ముందు గదిలోకి వచ్చేసరికి భర్త తలుపు తీశాడు. ఎస్సై సుకుమార్. వెనక ఒక కానిస్టేబుల్. వాళ్ల మధ్య తెల్లచొక్కా ముసలాయన. పేరు మస్తాన్. పోలీసు తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి.

"తుపాకి ఏదీ?"

జడ్సన్ గోడ మీంచి దించి బల్ల మీద పెట్టాడు. తాతల నాటిది. సన్నటిది.

"నీ బామ్మర్ది క్రీస్తురాజు గుండెలో దొరికిన తూటా పాయింట్ టూ టూ" అన్నాడు ఎస్సై. "దాని మీద మెలి తిరిగిన గీతలున్నాయి. ఈ చుట్టుపక్కల ఆ తూటా పేల్చే తుపాకి నీ ఒక్కడి దగ్గరే ఉంది."

"ఎన్ని మార్లు చెప్పాల సార్? మా తాతకి చర్చి మిషన్ దొర ఇచ్చి పోయినాడు దీన్ని. లోపల గాడులే ల్యా. నున్నగా ఉంటది. రొయ్యల చెరువు కాడ నీటికాకుల మీదికి సీసం రవ్వలు కొట్టేది. ఇది గీతలు ఎట్టా గీస్తది?"

"గాడులు ఉండేవేమో! చంపినాక నువ్వే లేత్ మిషన్ మీద పెట్టించి తొలిపించావేమో!"

"చూసుకోండి. అందుకేగా సాయిబు గారిని తోడు తెచ్చుకున్నారు? ఊరికే జీపులో షికారుకి కాదు గదా!"

అబిగయీలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

అన్న చివరిసారి ఫోనులో అన్న మాట చెవిలో ఉంది. "మీ ఆయన వైరస్ పట్టిన చెరువు నీళ్లు కాలవలోకి వదల్తావుండాడు పాపా. ఊరందరి రొయ్యలూ చస్తయ్. నేను అడ్డం పడుకుంటా, ఏం చేస్తాడో చూస్తా."

తెల్లారి అన్న కాలవ గట్టు మీద పడి ఉన్నాడు.

"నువ్వేనా?" అని భర్తను ఒక్కసారే అడిగింది. బైబిలు మీద చెయ్యి పెట్టి కాదన్నాడు.

ఆ తుపాకి పుట్టుకతోనే నునుపైతే ఆమెకు భర్త మిగులుతాడు. కాకపోతే...

మస్తాన్ తుపాకి కింద ఉన్న మర తిప్పాడు. బ్యారెల్ ఊడి చేతిలోకి వచ్చింది. టార్చి వేసి ఒక కంట చూశాడు.

"నునుపే."

"తొలిపించిందేనా?" ఎస్సై ముందుకు వంగాడు.

"తొందరపడొద్దు సార్." ముసలాయన జేబులోంచి ఒక తూటా ముక్క తీసి బ్యారెల్ మూతి మీద పెట్టాడు. అది దిగలేదు. "గాడులు చెరిపితే బొక్క పెద్దదవతది. ఇది గడగడా జారిపోవాల. పోలా. తూటా కూచునే కాడ పాత గాడుల కొసలన్నా మిగలాల. అవీ ల్యా."

బ్యారెల్ తిప్పాడు.

"కింద నంబరూ, తుపాకి నంబరూ ఒకటే. ఇంకోటి చూడండి. రైఫిలైతే గురిచూసే పలక కోసం ఇక్కడ అడ్డంగా కోత ఉండాల. దీనికి ల్యా. రవ్వల తుపాకికి అంత గురి ఎందుకు? మూతి కాడ ఈ ఇత్తడి గింజ ఒక్కటి చాలు."

బ్యారెల్ బల్ల మీద పెట్టాడు.

"కంపెనీ నుంచే ఇట్టా వచ్చింది సార్. చేతిపని కాదు."

ఎస్సై మొహం మాడిపోయింది. జడ్సన్ నవ్వాడు.

"ఒక్కటే..." మస్తాన్ వెనక కొస తడిమాడు. "ఈడ రంగు కందిపోయింది. నిప్పు తగిలినట్టుందే?"

"చెరువు కాడ షెడ్డు అంటుకున్నప్పుడు" అన్నాడు జడ్సన్ టక్కున. "పోయిన ఎండాకాలం."

ఏ షెడ్డు?

ఏ షెడ్డూ అంటుకోలేదు!

ఆమె చూపు ఇత్తడి గింజ మీద పడింది. చిన్నది. గుండ్రంగా అరిగినది. కోడలుగా వచ్చినప్పటి నుంచి పొద్దున్నే పొయ్యి ఊదేటప్పుడు పై పెదవికి చల్లగా తగిలే గింజ!

చెయ్యి పెదవి మీదికి పోయింది.

తడి. రక్తం.

"దీని సామాను ఇంట్లో ఇంకేమైనా ఉందా?" ఎస్సై తుపాకి తీసుకున్నాడు. "ఇది ల్యాబ్‌కి పోతుంది."

"ఏం ల్యా సార్. ఇల్లంతా వెతికినారు. చెరువుల్లో వలలేసి దేవినారు. ఇంకేం కావాల?"

"మీరేమైనా చెప్పాలా అమ్మా?"

అబిగయీలు వెనక్కి తిరిగింది. పెరట్లోకి నడిచింది.

పొయ్యి భగ్గున మండుతోంది. గొట్టం పైకి తీసింది. చీరకొంగుతో మసి తుడిచింది. వేలు జారి... అడ్డంగా ఉన్న కోతలో పడింది!

మూతి దగ్గర గింజ లేదు. సన్నటి ఇనుప పలక. దాని అంచున ఆమె రక్తం.

కొసను మంట వైపు పెట్టి లోపలికి చూసింది.

వెలుగు మెలికలు తిరుగుతోంది.

దొర ఇచ్చింది ఒక తుపాకి, రెండు బ్యారెళ్లు. అక్కర్లేని నునుపుది ఎప్పుడో అత్తగారి పొయ్యి దగ్గరికి చేరింది. ఇప్పుడు అది తుపాకిలోకి పోయింది. తుపాకిలోది ఇక్కడికి వచ్చింది. పొయ్యి దగ్గర గొట్టం లేకపోతే ఆమె అడుగుతుంది గదా!

అన్నను చంపిన గొట్టంతో ఊదింది. చంపినవాడి స్నానానికి నీళ్లు కాచింది.

ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు.

వీధిలో జీపు స్టార్టయింది.

ఆమె ముందు గదిలోకి వచ్చింది. జడ్సన్ కుర్చీలో కాళ్లు చాపుకుని ఉన్నాడు.

"నీళ్లు కాగినాయా మే?"

ఆమె చేతిలోది చూశాడు. నవ్వు పెదాల మీదే ఉంది. కళ్లలోంచి పోయింది.

"అబీ... ఆడ పెట్టు దాన్ని."

ఆమె నడుస్తోంది.

"నీకే చెప్తావుండా! పెట్టు!"

కుర్చీ ఎగిరిపడింది. ఒక్క గంతులో గుమ్మానికి అడ్డం వచ్చాడు. గొట్టం కొసను రెండు చేతులా పట్టి లాగాడు!

చుర్ర్ర్!

ఇంతసేపూ నిప్పుల్లో ఉన్న కొస అది.

ఇల్లు అదిరేలా కేక! చేతులు గుండెకు అదుముకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు.

బయట జీపు ఇంజన్ ఆగింది. టార్చి వెలుగు ఇంటివైపు తిరిగింది.

అబిగయీలు అతన్ని దాటి, గొట్టం పట్టుకుని గడప దిగింది.