పొన్నకోట మీద తాంబూలం

ముప్పది యేండ్లుగా కరవీరగిరి కొలువులో దండయాత్రకు పూనుకునేవాడు అందుకునే తాంబూలం మీద తన చెయ్యి తప్ప వేరొకరి చెయ్యి పడలేదన్నది సేనాని మాచయ నాయకుని గర్వం. దానికాయన స్వామిభక్తి అని పేరు పెట్టుకున్నాడు. శత్రువెవరో రాజు సెలవియ్యకముందే పళ్లెంలోని ఆకువక్క అందుకున్న సందర్భాలూ లేకపోలేదు.

ఆనాడు ఏడు ద్వారాల ఆ మహానగరం భేరీల మోతకు దద్దరిల్లుతూండగా, నిండుకొలువులో విస్సనామాత్యుడు లేచి నిలిచాడు.

"మహాప్రభూ, సముద్రము దాటి వచ్చిన పరంగుల ఓడలు రెండు పొన్నకోట రేవులో లంగరు దించినవి. కోట నేలు కామసాని బలహీనురాలు. నేడు మనము పుచ్చుకొననిచో రేపు వారు పుచ్చుకొందురు. పిమ్మట మన ఉప్పు, మన గుర్రములు, మన ఊపిరి వారి గుప్పిట నుండును. దీని నాక్రమణ అనువారు రాజనీతి యెరుగనివారు."

"నగరానికి ముప్పని నిరుడు కొండసీమ కలుపుకొంటిమి," అన్నాడు మాచయ. "కొండసీమకు ముప్పని నేడు పొన్నకోట అంటున్నారు. రేపు పొన్నకోటకు ముప్పొస్తే సముద్రాన్ని కలుపుకొందుమా, అమాత్యా?"

ఎవరో నవ్వబోయి దగ్గారు.

"సేనాని మోకాళ్లు చల్లబడినట్లున్నవి," అన్నాడు మంత్రి. "సెలవైనచో తాంబూలము నేనే అందుకొందును. ఆ కోటలో పొగ లేచే పొయ్యి యొక్కటి మిగులనివ్వను."

మంత్రి వెళితే అన్నంత పనీ చేస్తాడు. అందుకే మాచయ చెయ్యి చాచాడు. పళ్లెంలోని తాంబూలం అందుకున్నాడు.

ముట్టడి తొమ్మిదవ నాడు కామసాని కోటగోడ మీదికి వచ్చింది. మాచయ మంత్రి మాటలే తడుముకోకుండా అప్పజెప్పాడు.

"అమ్మా, పరంగుల బారి నుండి నిన్ను కాపాడ వచ్చితిమి. తలుపులు తీయించు."

"పరంగులు వచ్చారు, మిరియాలు కొన్నారు, మంచినీళ్లు నింపుకొని పోయారు, నాయకా. నువ్వు నాలుగు వేల బంట్లతో దిగావు. నా తోపు నరికించావు, నా జనాన్ని బావి దగ్గరికి పోనివ్వడం లేదు. నీ బారి నుండి కాపాడమని నేనెవరిని పిలవాలో, అదీ నువ్వే చెప్పు."

మాచయ ఆ సాయంకాలమే గుడారాలు ఎత్తించి, సేనను చెక్కుచెదరకుండా నగరం చేర్చి, కత్తి విప్పి రాజు పాదాల ముందు పెట్టాడు.

"తాంబూలం వమ్ము చేసినవానికి శిక్ష యేమి?" అన్నాడు రాజు.

"తల, ప్రభూ," అన్నాడు మాచయ.

"ఆడుదాని మాటకు వెనుదిరిగిన వీరుడు," అన్నాడు మంత్రి. "పరంగులు నీకేమి ముట్టజెప్పిరో?"

మాచయ ఆమె అడిగిన మాట సభకు విప్పి చెప్పాడు. "మీ వాదమంతా వెదికాను, అమాత్యా. దీనికి జవాబు దొరకలేదు. మీకు తెలిస్తే సెలవియ్యండి, ఈ క్షణమే తిరిగి వెళ్లి కోట పట్టి వస్తాను."

మంత్రి రాజు వైపు చూశాడు. రాజు మంత్రి వైపు చూశాడు. రాజు సైగ చేస్తే తలారి వచ్చి నిలబడ్డాడు.

"నాకూ తెలియదు, ప్రభూ," అన్నాడు మాచయ, తలపాగా విప్పుతూ. "కోటలు పట్టడం నేర్చాను గాని, ఈ ఒక్క జవాబు ఇంకా నేర్వలేదు."